నాన్న టోపీ ఎటు పోయింది

ఆగస్టు చివర, మధ్యాహ్నం. మా గుడారం ముందు నాన్న రష్యా మోటారు బండి విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కన. అమ్మ లోపల.

"పెట్టె మీద చూశావా?"

"చూశా నాన్నా. లేదు."

"జీను కింద?"

"అక్కడా లేదు. ఒక్క టోపీ కోసం ఎన్నిసార్లు లేస్తావు? ముందా గొలుసు సంగతి చూడు."

"ఒక్క టోపీ అంటావేంటే? మగాడి టోపీ పోయిందంటే వాడి అదృష్టం పోయినట్టే. చలికాలంలో గొర్రెలు పోయాయి, గుర్రాలు పోయాయి. ఇప్పుడు టోపీ. గోంచిగ్ నెత్తిన ఇంకేం మిగిలింది అనరూ నలుగురూ?"

"జుట్టు మిగిలింది అంటారు. అదీ కొంచెమే."

"నవ్వు, నవ్వు. ఆ పానా ఇటియ్యి. అది కాదు, చిన్నది."

"ఇదా?"

"ఆ. ప్రయాణానికి జాడ వేసిన రోజు పొద్దున కూడా నెత్తి మీదే ఉంది. టీ తాగుతూ తీసి పక్కన పెట్టాను. అంతే, మళ్ళీ కనపడితే ఒట్టు."

"గాలికి ఎగిరిపోయిందేమో."

"గుడారం లోపల గాలా?"

"మేక నమిలేసిందేమో."

"మేక నమిలితే అంచైనా మిగిలేది. ఉన్ని టోపీ, అంత తేలిగ్గా అరగదు."

"సరే వదిలెయ్ నాన్నా. మళ్ళీ మొదట్నుంచీ చెప్తా, విను. తప్పుంటే ఆపు. పొద్దున్నే బయల్దేరతాం..."

"ఎప్పుడు అని అనకు."

"పొద్దున్నే అన్నాను. ఏ రోజు పొద్దున్న అన్లేదుగా."

"అదీ అనకు. ఎప్పుడు బయల్దేరతాం, ఎన్నాళ్ళు పడుతుంది, ఎప్పుడు చేరతాం... ఇవి నోటితో అనకూడదు. దారి వింటుంది. విని మొండికేస్తుంది."

"వేసవంతా ఇదే మాట. దారికి అన్ని చెవులుంటాయా?"

"ఉంటాయి. మా నాన్న ఒకసారి 'చీకటి పడేలోపు చేరతాం' అన్నాడు. అన్నంత సేపు లేదు, ఇరుసు విరిగింది."

"ఇరుసు పాతదై ఉంటుంది."

"పాతదే. అయినా అనకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగేది."

"సరే. ఎప్పుడో ఒకప్పుడు బయల్దేరతాం. నువ్వు దీని మీద, నేను ఎర్ర బండి మీద. ముందు నువ్వు, వెనక నేను. నీ దుమ్ము నా నోట్లో పడకుండా దూరంగా వస్తా. శర్గ ఏరు మొదట వస్తుంది. సరేనా?"

"సరే. ఏటి దగ్గర ఏం చేస్తావు?"

"బండి ఆపి దిగుతా."

"దిగి?"

"కర్ర పట్టుకుని నడిచి దాటుతా ముందు. నీళ్ళు ఇరుకుగా నున్నగా పోయే చోట కాదు, వెడల్పుగా గులకరాళ్ళ మీద గలగలలాడే చోట. అక్కడే లోతు తక్కువ. తర్వాత మొదటి గేర్లో పెట్టి, మధ్యలో గ్యాస్ వదలకుండా పోవాలి. కళ్ళు అవతలి ఒడ్డు మీద."

"నీళ్ళ వంక చూస్తే?"

"నీళ్ళతో పాటే పోతాం."

"పడిపోతే?"

"ముందు ఇంజను ఆపెయ్యాలి. నీళ్ళు తాగనివ్వకూడదు. నువ్వొచ్చి బండి లేపుతావు."

"నేను లేకపోతే?"

"నువ్వెందుకు లేవు? ముందున్నావు కదా."

"ఉన్నాను. లేకపోతే అంటున్నా. ఊరికే."

"లేకపోతే... ప్లగ్గు ఊడదీసి, బండి పక్కకి వంచి, నీళ్ళు పోయేదాకా కిక్కు కొడతా. ఈ రష్యా బండైతే నావల్ల కాదు. ఎర్ర బండి లేపగలను."

"కాలు బండి కింద ఇరుక్కుంటే?"

"నాన్నా!"

"చెప్పవే."

"లాగకూడదు. వెల్లకిలా పడుకుని, రెండో కాలితో సీటుని నెట్టాలి. తార్వగ ఉడుత తవ్విన బొరియలో చక్రం దిగిన రోజు చూపించావు కదా."

"ఆ. గుర్తుంది. మంచిది. భయమేస్తే?"

"భయమేస్తే ఏం చెయ్యాలో చూపించలేదు నువ్వు."

"భయమేస్తే ఎక్కడున్నావో అక్కడే ఆగు. కూర్చో. ఎవరైనా ఆడమనిషిని అడుగు. చంకలో పిల్లాడున్న మనిషైతే మరీ మంచిది. మగవాళ్ళని అడక్కు."

"శర్గ ఏట్లో ఆడవాళ్ళెవరుంటారు నాన్నా?"

"అంటే... ఎక్కడైనా."

"ఖోంగోర్ కనుమ మీద?"

"ఎక్కడైనా అన్నానుగా."

"అక్కడ తార్వగలే ఉంటాయి. ఆడ తార్వగని చూసి, పిల్లని చంకనేసుకున్నదాన్ని వెతికి, 'అత్తా, దారెటు?' అని అడగనా?"

"అడుగు. నీ నోటికి అదే సరైన జోడీ."

"కనుమ ఎక్కేటప్పుడు నిలబడి తొక్కాలి, బరువు ముందుకి. దిగేటప్పుడు గేర్లోనే దిగాలి, రాళ్ళ మీద ముందు బ్రేకు ముట్టుకోకూడదు. పైన ఓవో రాళ్ళ కుప్ప దగ్గర ఆగి, దాని మీద ఒక రాయి వేసి, మూడుసార్లు చుట్టూ తిరిగి..."

"పొద్దు తిరిగే వైపుకే తిరగాలి."

"తెలుసు నాన్నా, నేనేం పట్నందాన్ని కాదు. మూడు తిరిగి పాలు చల్లుతాం. ఆ తర్వాత చిత్తడి నేల. దాన్ని దాటితే సరస్సు. ఒడ్డున చిన్న డేరా. ఎండు పిడకలు ఏరి మంట. నువ్వు పాట పాడతావు, నేను చెవులు మూసుకుంటా. సరిపోయిందా?"

"సరిపోయింది."

"ఏదైనా మర్చిపోయానా?"

"లేదు. సంచీ ఎప్పుడూ ముందుకి వేసుకో."

"ముందుకా?"

"పొట్ట మీదకి. వీపు మీద వద్దు. వెనకనుంచి బ్లేడుతో కోసేస్తారు."

"ఎవరు కోస్తారు?"

"జనం."

"సరస్సు దగ్గర జనమా? పోయిన ఏడాది వెళ్ళొచ్చిన వాళ్ళు, కొంగలు తప్ప ఏమీ లేవన్నారు."

"కొంగలేమైనా తక్కువా? ఆ నూనె గుడ్డ ఇటియ్యి."

"నాన్నా, ఎర్ర బండికి ఎప్పుడు చేస్తావు?"

"దేనికి?"

"వేసవంతా దీన్నే విప్పి బిగిస్తున్నావు. దీని గొలుసు మార్చావు, ట్యూబులు అతికించావు, గట్టి తాడు కట్టావు. ఎర్ర బండిని ముట్టుకోలేదు. దాని వెనక చక్రం ఊగుతోంది. దాని మీద కనుమ ఎక్కేది నేనే."

"చేస్తాలే."

"ఇవాళ?"

"చేస్తా అన్నానా?"

"ఎప్పుడు అని అడక్కూడదు. దారి వింటుంది."

"నీకు మాటలు నేర్పింది ఎవరే?"

"బళ్ళో. కొన్ని నువ్వు."

"ఏమయ్యా, ఇవి ఏ సంచిలో పెట్టమంటావు?"

"ఏంటమ్మా అవి? అవి చలికాలం బూట్లు కదా!"

"నువ్వాగు ఎనెబిష్. మీ నాన్నని అడుగుతున్నా."

"ఇప్పుడెందుకు తెచ్చావు చెర్మా బయటికి? లోపలే పెట్టు."

"లోపల పెడితే సంచిలోకి ఎప్పుడు వెళ్తాయి? తెల్లారగానే..."

"చెర్మా."

"తెల్లారగానే ఏంటమ్మా?"

"తెల్లారగానే పాలు పితకాలి. ఏంటేముంది? రోజూ తెల్లారగానే ఏం చేస్తాం?"

"ఉన్న ఒక్క ఆవు పాలకోసం అంత హడావుడా? అమ్మా, సరస్సు దగ్గరికి చలికాలం బూట్లెందుకు?"

"కనుమ మీద చలి ఉండదా?"

"ఆగస్టులోనా?"

"మంచు పడొచ్చు. పడలేదా పోయిన ఏడాది? ఎవరడిగారు ఈ మంచుని? ఎప్పుడు పడాలో దానికి తెలుసా? మేం అడిగామా?"

"సరే అమ్మా. పెట్టు. కోప్పడకు."

"కోపం కాదు. ఆ ఎండు పెరుగు బిళ్ళలు మొత్తం నీ రెండో సంచిలోకే వేశా."

"మొత్తమా? చలికాలానికి నాన్నకి వద్దా?"

"ఆయన పళ్ళకి అవి పడవు."

"నా పళ్ళకేమైంది? నువ్వు చేసినవే పద్దెనిమిదేళ్ళ నుంచి తింటున్నాను."

"ఇప్పుడు పడవు అన్నానుగా! చెప్పావా దానికి?"

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాలా?"

"పెట్రోలు గురించా?"

"ఆ. పెట్రోలు గురించే. అదే చెప్పు. ఇంకా సాయంత్రం దాకా పెట్రోలు గురించే చెప్పుకోండి ఇద్దరూ."

"అమ్మకేమైంది నాన్నా?"

"పొయ్యి సరిగా రాజుకోవట్లేదు."

"లోపలికి వెళ్ళి ఏడుస్తోంది."

"పొగ."

"పొయ్యి రాజుకోకుండా పొగ ఎక్కడిది?"

"రాజుకోకపోతేనే పొగ వస్తుంది. నీకు బళ్ళో ఇవి చెప్పరా?"

"నాన్నా, ఒకటి అడగనా? ఎప్పుడు అని కాదు."

"అడుగు."

"లామా మనకి మంచి రోజు చూసి, మంచి గడియ చెప్పాడు. ఆ గడియలో గుమ్మం దాటి కొంచెం దూరం వెళ్ళి, సంచీ ఎవరింట్లోనైనా పెట్టి వచ్చేస్తే జాడ పడినట్టే. తర్వాత ఏ రోజు బయల్దేరినా మంచి రోజున బయల్దేరినట్టే లెక్క. అంతే కదా?"

"అంతే."

"నన్ను నంజిల్ తాతవాళ్ళ గుడారం దాకా వెళ్ళి రమ్మన్నావు. వెళ్ళాను. సంచీ అక్కడ పెట్టొచ్చాను."

"మంచి పని చేశావు."

"నంజిల్ తాతవాళ్ళు ఉండేది తూర్పున."

"ఆ."

"సరస్సు పడమట."

"తెలుసు, ఈ దేశంలో పుట్టినవాణ్ణే నేనూ."

"మరి జాడ తూర్పుకెందుకు వేశాం?"

"లామా అలా చెప్పాడు. ముందు తూర్పుకి కొంచెం పోయి, తర్వాత పడమరకి తిరగమన్నాడు. పడమటి దిక్కు ఈ నెల మనకి బాగాలేదట."

"బాగాలేని దిక్కుకి వెళ్తున్నామా మనం?"

"అందుకే కదా ముందు తూర్పుకి వేసింది. మోసం చెయ్యడానికి."

"ఎవర్ని?"

"దిక్కుని."

"ఓహో. మరి నీ జాడ?"

"నాదేంటి?"

"నువ్వు రాలేదు కదా. 'నీది పడితే చాలు' అన్నావు. ఇద్దరం వెళ్ళే దారికి ఒక్కరి జాడ పడితే చాలా?"

"ఇంటి పెద్దకి అక్కర్లేదు."

"అమ్మా! ఇంటి పెద్ద ప్రయాణానికి జాడ అక్కర్లేదా?"

"ఎవరన్నారు? ఇంటి పెద్దకే ముందు పడాలి. మా అత్తగారైతే మామయ్య బయటికి పోయినప్పుడల్లా..."

"చెర్మా, నువ్వు పొయ్యి సంగతి చూడు!"

"నన్నెందుకు కసురుతావు? అది అడిగింది, చెప్పాను."

"అవ్వకి అన్నీ ఎక్కువ. ఆవిడ కాలం వేరు."

"టోపీ అయినా పంపాల్సింది నువ్వు. మనిషి వెళ్ళలేకపోతే వాడి టోపీయో నడికట్టో పంపినా చాలు, అవ్వ అనేది."

"టోపీ ఎక్కడుంది పంపడానికి? వెతుకుతూనే ఉన్నానుగా."

"నిజమే. పాపం."

"అదేంటి, ఆ నవ్వేంటి?"

"నవ్వలేదు. ఎండ కళ్ళలో పడింది."

"ఇటు రా. బుగ్గ మీద నల్ల నూనె అంటించుకున్నావు. రా, తుడుస్తా."

"ఏ బుగ్గ?"

"ఇది. కదలకు. నీకు బండి నేర్పించిన మొదటి రోజు కూడా ఇలాగే. మొహమంతా నూనె, పళ్ళు తెల్లగా. కాళ్ళు నేలకి అందేవి కాదు నీకు. ఎక్కించి వదిలితే వెళ్ళిపోయావు. ఆపడం నేర్పలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు."

"గడ్డి వాములోకి దూరిపోయి ఆగాను."

"అక్కడ ఆగావు కాబట్టి సరిపోయింది. వెనకాల పరిగెత్తాను, అందుకోలేకపోయాను. ఉండు. ఏదీ, ఇలా రా."

"నాన్నా..."

"అంతే. వెళ్ళు."

"నాన్నా, రెండోది?"

"ఏంటి?"

"రెండో చెంప. ఒక్క చెంపే ముద్దు పెట్టావు."

"ఏమయ్యా!"

"ఆ చెంప మీద నూనె లేదుగా, అందుకని..."

"ముద్దుకీ నూనెకీ ఏంటి నాన్నా సంబంధం? హాస్టలుకి వెళ్ళేటప్పుడల్లా ఇలాగే చేసేవాడివి. కుడి చెంప ఇప్పుడు, ఎడమ చెంప తిరిగొచ్చినప్పుడు. రెండోది నీ బాకీ అనేవాడివి. సెలవులకి రాగానే ముందు ఆ చెంప."

"అలవాటైపోయింది. పొరపాటున..."

"కలిసి వెళ్ళేవాళ్ళు చెంప దాచుకోరు."

"ఈ నట్టు బిగుసుకోవట్లేదు."

"నువ్వు నాతో పాటే బండి మీద ఉంటావు కదా. ముందు నువ్వు, వెనక నేను. మరి ఇది ఎప్పటికి దాచావు?"

"ఎనెబిష్, ఆ పానా..."

"పానా నీ చేతిలోనే ఉంది."

"ఇంక చాలు గోంచిగ్. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పు."

"వేసవంతా నువ్వే చెప్తానన్నావు. గడ్డి కోతలప్పుడు చెప్తానన్నావు. కోతలయ్యాయి. వానలయ్యాక అన్నావు. ఏ రోజైనా నోరు విప్పావా? పొద్దస్తమానం ఏరు, కనుమ, సరస్సు!"

"అది అంత సంతోషంగా అడుగుతుంటే ఎలా చెప్పమంటావు? నీకు చేతనైతే నువ్వే చెప్పు అన్నాను కదా."

"నాకు చేతనవుతుందా మరి!"

"ఎవరో ఒకరు చెప్పండి అమ్మా. నిలబడే ఉన్నాను."

"కూర్చో తల్లీ."

"నిలబడే వింటా."

"నంజిల్ తాత కొడుకు లారీలో ఉన్ని వేసుకుని పట్నం వెళ్తున్నాడు. రేపు తెల్లారగానే. నిన్ను పెద్దమ్మ దగ్గర దింపుతాడు. బడి అక్కడే. పెద్దమ్మ అన్నీ చూసుకుంటుంది. నీళ్ళు గొట్టంలో వస్తాయట, బావి దాకా పోనక్కర్లేదు."

"సెలవులకి వస్తాను కదా?"

"ఈ బూట్లు గుడ్డలో చుట్టి పెడతా."

"సెలవులకి ఇక్కడికి వస్తాను కదా అమ్మా?"

"ఇక్కడ ఎవరుంటారు తల్లీ? గుడారం విప్పేస్తున్నాం."

"నాన్నా, అమ్మ ఏదో అంటోంది."

"నిజమే అంటోంది. మనకి మిగిలిన వాటితో మందేంటి? పేరుకే మంద. వేరేవాళ్ళ గొర్రెలు కాయడానికి ఒప్పుకున్నాను. నేనూ అమ్మా. పెద్ద మంద. చలికాలమంతా వాటి వెనకే. వాళ్ళు చోటిచ్చింది ఇద్దరికే."

"మళ్ళీ చలికాలం గడ్డ కడితే? వాళ్ళ గొర్రెలూ చచ్చిపోతే?"

"అప్పుడు చచ్చిపోయేవి నావి కావు. అంతే తేడా."

"నేను కూడా కాస్తాను. నాకు చోటెందుకు? నేను బండి మీద తిరుగుతా, రాత్రికి మీ మంచం కింద పడుకుంటా."

"బడి?"

"బడి వద్దు."

"అదొక్కటి అనకు. ఇంకేదైనా అను."

"ఆ మంద ఎక్కడుంది?"

"దూరం."

"ఎక్కడ నాన్నా?"

"సరస్సు అవతల."

"ఏ సరస్సు?"

"ఎన్ని సరస్సులున్నాయే మనకి?"

"శర్గ ఏరు దాటా?"

"ఆ."

"ఖోంగోర్ కనుమ ఎక్కి?"

"ఆ. వేరే దారి లేదు."

"అయితే ఇదంతా మన ప్రయాణానికి కాదు. ఈ గొలుసు, ట్యూబులు, తాడు. నువ్వు వెళ్ళడానికి. వెనక సీటు మీద అమ్మని ఎక్కించుకుని."

"వసంతంలో నువ్వు ఆ చచ్చిపోయిన గుర్రప్పిల్ల పక్కన కూర్చుని లేవలేదు. అన్నం తినలేదు. ఏం చెప్పి లేపాలో తెలియలేదు నాకు. 'లే, వేసవిలో మనిద్దరం బండ్ల మీద సరస్సుకి పోదాం' అన్నాను. లేచావు. లేపడానికని అన్న మాట. ఆ రోజు నిజంగానే అన్నాను. నిజంగానే పోదామనుకున్నా. తర్వాత ఈ మంద సంగతి వచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. నువ్వు కర్ర పట్టుకుని వచ్చి, 'నాన్నా, ఏరు దాటడం మళ్ళీ చూపించు' అన్నావు. చూపించాను. ఇంకేం చేస్తాను?"

"బాగా చూపించావు."

"కోప్పడు. తిట్టు. ఆ పానా తీసి విసురు."

"తగిలితే దారిలో నీ బండి చూసేదెవరు?"

"చూశావా చెర్మా, ఇది తిట్టను కూడా తిట్టదు."

"నేను వెళ్ళను."

"ఎనెబిష్..."

"నాకు ఎనెబిష్ అని పేరెందుకు పెట్టారు మీరు? నాకంటే ముందు ఇద్దరు పోయారని, ఇంక నన్నైనా ఏ గాలీ పట్టుకుపోకుండా ఉండాలని, 'ఇది కాదు' అని పెట్టారు. 'ఎవర్నైనా తీసుకుపో, ఇది కాదు' అని. రేపు లారీ వస్తే అదే చెప్పండి. పట్నానికి వెళ్ళే పిల్ల ఇది కాదు. వేరే ఇల్లు చూసుకో అని."

"ఊరుకోవే. అలా మాట్లాడకు."

"అబద్ధమా? ఇన్నాళ్ళు పనిచేసిన పేరు ఇప్పుడెందుకు పనిచెయ్యదు?"

"జాడ పడిపోయింది తల్లీ. జాడ పడ్డాక వెళ్ళకుండా ఉండకూడదు. మనిషి ఇక్కడుండి, జాడ అక్కడుంటే, జబ్బు పడతారు. మా చిన్నాన్నకి అలాగే జరిగింది. పడిందంటే వెళ్ళి తీరాలి. ఎవరైనా సరే."

"ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే."

"లామా అయినా?"

"లామా అయినా. మాటలతో నన్ను తిప్పకు."

"సామాను వెనక్కి తెచ్చేసుకుంటే? ఇప్పుడే వెళ్ళి తెచ్చేస్తా."

"జాడకి వెళ్ళిన సామాను మళ్ళీ అదే గుమ్మంలోంచి లోపలికి రాదు. అది అంతే. నాకు మాత్రం ఇష్టమా? నా చేత్తో నీకు పాలు చల్లి పంపాలి రేపు."

"సరే అయితే."

"ఏంటి సరే?"

"వెళ్తా."

"వెళ్తావా? నిజంగా?"

"నువ్వే అంటున్నావుగా, పడ్డాక తప్పదని. నాన్నా, ఇప్పుడైనా అటు తిరుగు. నాకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"అంతా కాదు. ఈ మంద సంగతి తెలియదు. జాడ తూర్పుకి అనగానే పట్నమని తెలిసింది. తూర్పున మనకి పెద్దమ్మ తప్ప ఎవరున్నారు? నువ్వు నా వంక చూడకుండా, గొలుసు వంక చూస్తూ, 'నీది పడితే చాలు' అన్నావు చూడు, అప్పుడు ఇంకా బాగా తెలిసింది."

"తెలిసీ... ఈ నాలుగు రోజులూ ఏరు, కనుమ అంటూ..."

"నువ్వు చెప్తావేమోనని చూశా. చెప్పట్లేదు. సరే, చెప్పకపోతే పోయావు, అనుకుంటూ ఉంటే వెళ్తున్నట్టే ఉందిలే అనిపించింది. సరస్సు దగ్గర నీ పాట కూడా వినిపించింది నాకు. బాగాలేదు."

"నన్నెందుకు ఏడిపిస్తావే?"

"ఏడవకు నాన్నా. నూనె చేతులతో కళ్ళు తుడుచుకోకు. అమ్మా, గుడ్డ ఇవ్వు."

"ఇద్దరూ ఇద్దరే. ఇదిగో."

"నేనేం చెయ్యగలను చెప్పు ఎనెబిష్? నాకు ఇంకోటి తోస్తే చెయ్యనా? రాత్రంతా ఆలోచిస్తాను, తెల్లారితే మళ్ళీ అదే మంద, అదే లారీ. పోనీ ఎర్ర బండి చేసిపెట్టనా? నంజిల్ తాతవాళ్ళింటి దాకా నువ్వే తోలుకుంటూ పోదువు గాని. నేను పక్కన ఇంకో బండి మీద వస్తా. అంత దూరమైనా..."

"అంత దూరం కాదు నాన్నా. ఇంకా దూరం రావాలి నువ్వు."

"ఎలా వస్తానే? ఆ మందవాళ్ళు వారంలో రమ్మన్నారు."

"అదంతా నాకు తెలియదు. అమ్మా, నువ్వన్నావు కదా, జాడ పడితే ఎవరైనా సరే వెళ్ళి తీరాలని? మనిషి వెళ్ళలేకపోతే టోపీ వెళ్ళినా చాలని అవ్వ కూడా అనేది కదా?"

"అన్నాను. ఆవిడా అనేది. అయితే?"

"నాన్న టోపీని మేక తినలేదు. ఆ రోజు పొద్దున నా సంచిలో పెట్టి, గుమ్మం దాటించి తీసుకెళ్ళాను. కింద వెయ్యలేదు నాన్నా, అన్నిటికంటే పైనే పెట్టాను. నీ జాడ కూడా తూర్పుకే పడింది."